నలభై మూడో కత్తి

సొరుగులో నలభై రెండు గళ్ళు. గడికొకటి చొప్పున నలభై రెండు మడత కత్తులు, బడిలో ప్రార్థనకి నిలబడ్డ పిల్లల్లా వరసగా ఉన్నాయి. ఒక్క గడీ ఖాళీ లేదు. మరి చనిపోయిన మనిషి కుర్చీ కింద దొరికిన కత్తి ఎక్కణ్ణుంచి ఊడిపడినట్టు?

డిటెక్టివ్ మళ్ళీ లెక్కపెట్టాడు. భార్య పోయిన దగ్గర్నుంచీ ఆయనకి ప్రతిదీ రెండుసార్లు చూసుకునే అలవాటైంది. "సరిగ్గా చూశారా?" అని అడిగే మనిషి ఇంట్లో లేకపోతే ఆ ప్రశ్న కూడా మనమే వేసుకోవాలి. రెండోసారీ నలభై రెండే.

"నాన్న గడి ఖాళీగా ఉంచడు అన్నయ్యా," అంది గుమ్మం దగ్గర నిలబడ్డ కూతురు. "కత్తి బల్ల మీదికి తీస్తే ఆ గడిలో దాని నంబరు చీటీ పెడతాడు. ఇప్పుడు చీటీ కూడా ఒక్కటీ లేదు. కింద పడింది మా నాన్న కత్తి కాదు."

'పెట్టేవాడు' అనడం ఇంకా ఆమె నోటికి అలవాటు కాలేదు. డిటెక్టివ్ సరిదిద్దలేదు. ఆయనకైతే మూడు నెలలు పట్టింది.

ఆమెది ఆయన వీధి చివర మందుల షాపు. నెలనెలా బీపీ మాత్రలిస్తూ "వేసుకుంటున్నారా, దాచుకుంటున్నారా?" అని గదమాయించేది. ఈ సాయంత్రం పోలీసుల తర్వాత ఫోన్ చేసింది ఆయనకే. నాలుగూ నలభైకి ఆమె ఈ మేడ మీది గదికి వచ్చేసరికి తండ్రి పనిబల్ల మీద తల వాల్చి ఉన్నాడు. ఎడమ మణికట్టు తెగి ఉంది. గుండెకోసం రక్తం పలచబడే మాత్రలు వేసుకునే మనిషి. ఆ మాత్రలు ఇచ్చేదీ కూతురే. అలాంటి ఒంట్లోంచి రక్తం పోవడానికి ఎంతోసేపు పట్టదని ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

పెద్దాయన నలభై ఏళ్ళు పళ్ళ సెట్లు చేసి రిటైరయ్యాడు. ఊళ్ళో సగంమంది ఆయన చేసిన నవ్వే నవ్వేవారట. తర్వాత అదే పనితనంతో మడత కత్తులు పట్టాడు. పాతవి కొని విప్పడం, తుడవడం, నూనె పెట్టడం, ఇరుసు సరిచేయడం, పిడులు మార్చడం. మిగిలిపోయిన పళ్ళ సెట్ల సరుకంతా పిడులకే వాడాడు. అందుకే సొరుగులో సగం కత్తులు చిగుళ్ళ రంగులో ఉండి, చూసేవాళ్ళని పలకరించబోతున్నట్టు ఉన్నాయి.

"లెక్కలయ్యాయా బావా?"

ఇన్‌స్పెక్టర్ లోపలికి వచ్చాడు. ఆ పిలుపుకి కారణమైన మనిషి పోయి ఏడాదైంది. పిలుపు మాత్రం ఖాళీ చేసిన అద్దింట్లో గోడకి మిగిలిన మేకులా అలాగే ఉండిపోయింది. డిటెక్టివ్ భార్యకి ఇతను తమ్ముడు. రెండేళ్ళ క్రితం స్టేషన్లో సాక్ష్యాల గదిలోంచి ఒక మడత కత్తి మాయమైంది. దానితోపాటు కేసూ పోయింది, అప్పటి ఇన్‌స్పెక్టరుగారి ఉద్యోగమూ పోయింది. అప్పటి ఇన్‌స్పెక్టరంటే డిటెక్టివే. ఆ కుర్చీలో ఇప్పుడు బావమరిది కూర్చుంటున్నాడు.

"నలభై మూడోది ఎవరిది?" అన్నాడు డిటెక్టివ్.

"కొత్తది కొనుక్కుని ఉంటాడు. కత్తుల పిచ్చోడు కత్తి కొనడం కూడా నేరమేనా?"

"కొన్న కత్తికి గడి చూపించకుండానే చనిపోయాడా?"

"అరచేతిలో ఒక గాటు, మణికట్టు మీద ఒక గాటు. మొదటిసారి చెయ్యి వణికింది, రెండోసారి కుదిరింది. బుర్ర బద్దలు కొట్టుకోవడానికి ఇందులో ఏం లేదు బావా. ఒంటరి ముసలాడు. భార్య లేదు. కూతురు మూడు ఆదివారాల నుంచీ రాలేదు. ఇంకేం కారణం కావాలి?"

గుమ్మం దగ్గర ఆమె చున్నీ కొంగు వేలికి చుట్టుకుంటోంది. చుట్టడం ఆపేసింది.

"ఒంటరితనమే కారణమైతే, పోయినేడాదే మా ఇంటికి పంచనామాకి రావలసింది నువ్వు," అన్నాడు డిటెక్టివ్. "పంచనామాకే కాదు, దేనికీ రాలేదనుకో."

ఇన్‌స్పెక్టర్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. "డాక్టరు నాలుగూ పావుకీ నాలుగున్నరకీ మధ్య అన్నాడు. ఆరింటికి ఆత్మహత్య అని రాసి సంతకం పెడతాను. శవాన్ని ఆస్పత్రికి పంపేశాం, వేలిముద్రల వాడి పనీ అయిపోయింది, ముట్టుకో. ఇప్పుడు అయిదూ ఇరవై. నలభై నిమిషాలు నీవి. అక్క మొహం చూసి ఇస్తున్నాను."

"మీ అక్క మొహం నీకింకా గుర్తుందన్నమాట. సంతోషం."

బూట్లు మెట్లు దిగిపోయాయి. ఆమె గుమ్మంలోంచి కదల్లేదు.

"అన్నయ్యా, ఒక్కటి చెప్పండి. నేను రాకపోబట్టేనా?"

లేని జవాబు ఇవ్వడం ఆయనకి రాదు. భార్య జబ్బులో డాక్టర్లు ఆయనకి అలాంటివి చాలా ఇచ్చారు. "కూర్చో అమ్మా," అన్నాడు. "సొరుగులోంచి ఏదో ఒక కత్తి ఇలా ఇవ్వు."

ఆమె పదిహేడో గడిలోంచి ఒకటి తీసి తెరిచింది. బ్లేడు వీపువైపు వేళ్ళతో పట్టుకుని పిడి ఆయనకి చాపింది. ఆయన పిడి పట్టుకుని లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు. ఆయన చూశాడు. ఆమె వదల్లేదు.

"అందింది అనండి అన్నయ్యా."

"ఏం అందింది?"

"అయ్యో," అంది ఆమె, ఆ సాయంత్రం మొదటిసారి నవ్వులాంటిది మొహం మీదికి వచ్చి పోయింది. "అలవాటు. కత్తి తీసుకునేవాళ్ళు 'అందింది' అంటేనే నాన్న వదులుతాడు. అనకపోతే తెల్లారేదాకా అలాగే పట్టుకుని కూర్చుంటాడు. చిన్నప్పుడు పెన్సిల్ చెక్కుకోవడానికి అడిగితే, నేను మొండికేసి అనేదాన్ని కాదు. అరగంట అలా ఇద్దరం చెరో వైపూ పట్టుకుని నిలబడ్డాం ఒకసారి. అమ్మ వచ్చి ఇద్దర్నీ తిట్టింది."

"అందింది," అన్నాడు డిటెక్టివ్. ఆమె వదిలింది.

బల్ల మీది తెల్ల కాగితం తీసుకుని కత్తి ఆనించాడు. కాగితం చప్పుడు లేకుండా రెండైంది. తర్వాత తొడుగులు వేసుకుని, కవరులోంచి కుర్చీ కింద దొరికిన కత్తి తీశాడు. దానికీ చిగుళ్ళ రంగు పిడే, కొత్తగా బిగించింది. అది ఆనిస్తే కాగితం నలిగి, చిరిగి, వేలాడింది. బ్లేడు అటూ ఇటూ ఊగింది కూడా.

ఆమె ముందుకు వంగింది. "మొద్దు కత్తి! సాన పట్టడం నాన్న ఆఖర్న చేస్తాడు. ముందు ఇరుసు బిగించి, మర కదలకుండా నీలం జిగురు పెడతాడు. ఒక రోజంతా ముట్టుకోడు, ముట్టుకోనివ్వడు. ఆ తర్వాతే సాన."

బల్ల మీద నీలం జిగురు సీసా మూత తీసి ఉంది. పక్కనే పెద్దాయన గుండ్రటి చేతిరాతలో చిన్న చీటీ: *3.10. రేపు ఇదే వేళకి. ముట్టుకోవద్దు.*

"మూడూ పదికి జిగురు పెట్టిన కత్తి," అన్నాడు డిటెక్టివ్. "చావాలనుకున్న మనిషి చేతికందే దూరంలో నలభై రెండు పదునైనవి పెట్టుకుని, ఇల్లు మొత్తానికి ఉన్న ఒక్క మొద్దు కత్తి వెతుక్కుంటాడా? పైగా జిగురు ఆరకుండా తెరుస్తాడా?"

"నాన్నా? జిగురు ఆరకుండానా?" తండ్రి పోవడాన్నయినా నమ్మగలదేమో గానీ ఇది నమ్మలేనట్టుగా అందామె.

"ఈ కత్తి ఇంకెవరిదో. బాగుచేయమని తెచ్చిచ్చారు. ఎవరు వస్తుంటారమ్మా ఇక్కడికి?"

"శనివారం."

"వారం కాదు. మనిషి."

"మనిషే. నాన్న అలాగే పిలుస్తాడు. ఏడాదిగా ప్రతి శనివారం మూడింటికి వచ్చి పని నేర్చుకునేవాడట ఒకాయన. ఆయన నాన్నకి కూడా పేరు చెప్పలేదట. 'శనివారం ఇవాళ మంచి పట్టు పట్టాడు, శనివారానికి కాఫీలో పంచదార ఎక్కువ కావాలి' అనేవాడు నాన్న. నేను ఆదివారం మనిషిని, ఎప్పుడూ చూడలేదు. ఈ మూడు ఆదివారాలూ షాపు వదల్లేక, ఇవాళ ఒక గంట మూసేసి చెప్పకుండా వచ్చాను." చున్నీ కొంగు మళ్ళీ వేలికి చుట్టుకుంది. "మధ్యాహ్నం నాన్న ఫోన్ చేశాడు. పాత కత్తికి పిడి మారుస్తుంటే లోపల రేకు మీద ఏదో గీసి ఉందట. ఇవాళ శనివారాన్ని అడుగుతాను అన్నాడు. షాపు నిండా జనం. తర్వాత మాట్లాడతాను నాన్నా అని పెట్టేశాను."

ఇవాళ కూడా శనివారమే. డిటెక్టివ్ గోడ గడియారం చూశాడు. అయిదూ ముప్పై అయిదు.

ఆయనకీ ఒకప్పుడు శనివారాలు ఉండేవి. మూడింటికి బావమరిది వచ్చేవాడు. అక్క చేతి కాఫీ తాగి, బావ మీద నాలుగు జోకులు వేసి పోయేవాడు. అక్క పోయాక రావడం మానేశాడు. ఆయన మాత్రం ఇప్పటికీ శనివారం మూడింటికి రెండో కుర్చీ బల్ల దగ్గరికి జరుపుతాడు. తుడవడానికని తనకి తను చెప్పుకుంటాడు.

"పోలీసులు మాత్రం ఎంత త్వరగా వచ్చారో అన్నయ్యా," అంటోంది ఆమె. "నాలుగూ నలభై రెండుకి చేశాను, నలభై తొమ్మిదికల్లా మీ బావమరిదిగారు ఇక్కడ ఉన్నారు."

"వాడు పనిలో ఎప్పుడూ చురుకే," అన్నాడు డిటెక్టివ్, కోపంలోనూ కాస్త గర్వంగా.

కింది అంతస్తు కళ్ళజోళ్ళ షాపాయనది. పిలిస్తే నిష్ఠూరంగా పైకి వచ్చాడు. మెడలో మూడు జతల కళ్ళజోళ్ళు వేలాడుతున్నాయి. నాలుగోది కళ్ళకి ఉంది.

"నాకూ ఆయనకీ గొడవలున్న మాట నిజమే. దాచను," అన్నాడు అడక్కముందే. "పైన సాన పడుతుంటే కింద నా పళ్ళు జిల్లుమనేవి. చెబితే, 'పళ్ళదేముంది, ఊడిపోతే కొత్తవి నేనే చేసిస్తాను' అనేవాడు. అలాంటి మనిషితో ఏం గొడవ పడతాం చెప్పండి!"

"ఇవాళ ఏం విన్నారు?"

"మూడింటికి బూట్లు ఎక్కాయి. ప్రతి శనివారం ఎక్కే బూట్లే. మనిషిని చూడను, నా కౌంటరు మెట్లకి వీపు పెట్టి ఉంటుంది. తర్వాత మాటలు. నాలుగూ పావు దాటాక మాటలు పెరిగాయి. పెద్దాయన గొంతు ఒక్కటే తెలిసింది. 'అను, అంటే వదులుతాను' అన్నాడు. రెండుసార్లు అన్నాడు. ఆ వెంటనే కుర్చీ ఈడ్చిన చప్పుడు."

కూతురు కళ్ళు మూసుకుంది.

"బూట్లు ఎప్పుడు దిగాయి?"

"దిగలేదే! అదే నాకూ వింత. ఈ అమ్మాయి చెప్పులు ఎక్కాయి, కాసేపటికి పోలీసు బూట్లు ఎక్కాయి. ఆ మొదటి బూట్లు మాత్రం దిగలేదు."

వెనక వరండాలో ఇనప మెట్లు ఉన్నాయి. వాటి తలుపు గడియ తీసి ఉండడం డిటెక్టివ్ రాగానే చూశాడు. అడుగుల చప్పుడు విని ఆ దారిన దిగి ఉంటాడు. కుర్చీ కింద, మనిషి కాళ్ళ వెనక పడిన కత్తి, అప్పటిదాకా వెతికినా, అతని కంటబడి ఉండదు.

డిటెక్టివ్ పదిహేడో నంబరు కత్తి తెరిచి, వీపువైపు పట్టుకుని, పిడి షాపాయనకి చాపాడు. ఆయన పిడి పట్టి గుంజుకున్నాడు.

"నాకెందుకండీ ఇది? ఎలా మూయాలి? అబ్బా!" వేలు నోట్లో పెట్టుకున్నాడు.

"మీరు వెళ్ళచ్చు," అన్నాడు డిటెక్టివ్.

"అంతేనా? నా వేలో?"

"నేను కట్టు కడతాను బాబాయ్, రండి," అంటూ ఆమె లేచింది. "అన్నయ్యా, కింద కాఫీ పెడతాను. మీరు మధ్యాహ్నం నుంచీ ఏమీ తిని ఉండరు."

నిజమే. అది కనిపెట్టేసే మనిషి ఒకరు ఇంకా మిగిలి ఉన్నందుకు ఆయనకి ఒక్క క్షణం ఎటు చూడాలో తెలియలేదు.

అయిదూ నలభై ఎనిమిది. గదిలో ఒక్కడే మిగిలాడు. పెద్దాయన భూతద్దం, పెద్దాయన సన్న స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. ఇరుసు మర జోలికి పోకుండా పిడి మరలు మూడూ విప్పి చీటీ పక్కన వరసగా పెట్టాడు. చిగుళ్ళ రంగు పలక ఊడి వచ్చింది. కింద ఇత్తడి రేకు. రేకు మీద సూదిమొనతో గీసిన కేసు నంబరు. దాని కింద ఒక అక్షరం, పొడుగాటి తోకతో.

ఆ తోక ఆయనకి తెలుసు. ముప్పై ఏళ్ళుగా ప్రతి కాగితం అడుగునా సంతకంలో ఆయన పెడుతున్న తోకే అది.

రెండేళ్ళ క్రితం, స్టేషన్లో, పిడి లోపల ఎండిన రక్తం ఉందేమోనని ఈ కత్తినే విప్పాడు. అప్పుడు దీనికి కొమ్ము పిడి ఉండేది. తిరిగి బిగించేముందు గుర్తుగా గీశాడు. గీసినట్టు ఫైల్లో రాయలేదు. పెద్ద రహస్యమేమీ కాదు, ఉత్త బద్ధకం. అందుకే దొంగకీ తెలియలేదు. కొమ్ము పిడి తీసేసి కొత్తది వేయిస్తే ఇక ఈ కత్తిని కన్నతల్లి కూడా పోల్చుకోలేదనుకున్నాడు.

ఎందుకు ఉంచుకున్నాడు? ఏ కాలవలోనో పారేస్తే పీడా పోయేది కదా! డిటెక్టివ్ కత్తిని కిటికీ వెలుతురులో తిప్పాడు. సన్నగా, నిండుగా, చేతిలో చేప పిల్లలా ఉంది. పారేయలేకపోయాడు. అంతే. కత్తుల మీద ప్రేమున్నవాడు అన్నీ చేయగలడు గానీ మంచి కత్తిని పారేయలేడు.

సాక్ష్యాల గది తాళాలు ముగ్గురి దగ్గర ఉండేవి. ఒకటి తన దగ్గర. ఒకటి స్టోరు హెడ్డు దగ్గర, ఆయనకి చుట్టలు తప్ప వేరే లోకం లేదు. మూడోది... మూడో పేరు దగ్గరికి వచ్చేసరికి ఆయన మనసు, అప్పులవాణ్ణి చూసిన మనిషిలా, పక్క సందులోకి తిరిగిపోయింది. పలక పెట్టి మరలు బిగించాడు.

మెట్ల మీద బూట్లు.

"ఆరు కావస్తోంది బావా." ఇన్‌స్పెక్టర్ చేతిలో కాగితాలున్నాయి. మొహం అలిసిపోయి ఉంది. అక్క పోలికలున్న మొహం. ముక్కూ, గడ్డం మీద నొక్కూ అచ్చం ఆమెవే. "అయిపోయిందా నీ పరిశోధన? ఇలా ఇవ్వు, సీలు వేయాలి."

కత్తి తెరిచే ఉంది, దొరికినప్పుడు ఉన్నట్టే. డిటెక్టివ్ దాన్ని వీపువైపు పట్టుకుని పిడి చాపాడు. పరీక్ష పెట్టాలని కాదు. సాయంత్రం నేర్చుకున్న పద్ధతి, చేతికి అలవాటై పోయింది, అంతే.

ఇన్‌స్పెక్టర్ రెండో చేత్తో కాగితాలు చూసుకుంటూ, తలెత్తకుండానే పిడి పట్టుకున్నాడు.

"అందింది," అన్నాడు.

గోడ గడియారం చప్పుడు అప్పటిదాకా లేనట్టు, అప్పుడే మొదలైనట్టు వినిపించింది.

డిటెక్టివ్ వదల్లేదు.

ఆమె ఫోనుకీ వీడి రాకకీ మధ్య ఏడు నిమిషాలు. స్టేషన్ నుంచి ఇక్కడికి జీపులో పదిహేను నిమిషాల దారి. ఆ దారి ఆయనకన్నా ఎవరికి బాగా తెలుసు!

"నీ కాఫీలో పంచదార ఎక్కువ కదూ," అన్నాడు నెమ్మదిగా. "నేను మర్చేపోయాను. మీ అక్క మూడు చెంచాలు వేసేది."

ఇన్‌స్పెక్టర్ తలెత్తాడు. ఏం జరిగిందో అతనికి కాస్త ఆలస్యంగా అర్థమైంది. అన్నది మామూలు మాటే. తను ఎక్కడ నిలబడి అన్నాడో అప్పుడు చూసుకున్నాడు. మడమతో తన వెనకున్న గది తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు.

"వదులు బావా."

"శనివారాలన్నీ ఇక్కడ గడిపావన్నమాట."

"మీ ఇంట్లో కూర్చోలేకపోయాను. అక్క లేదు. ఎదురుగా నువ్వు. నిన్ను చూస్తే ఈ కత్తే గుర్తొచ్చేది." గొంతు తగ్గింది. "కుర్చీ కోసం తియ్యలేదు బావా. ఒట్టు. కత్తి బాగుందని తీశాను. కుర్చీ దానంతటదే వచ్చింది."

"పెద్దాయనకి నువ్వెవరో ఇవాళ తెలిసింది."

"అన్నీ అడిగాడు. ఎవరి కత్తి, ఎవరి గీత, నాకెలా వచ్చింది. జిగురు ఆరకుండానే నేను తెరిచి తీసుకోబోతే, నువ్వు ఇప్పుడు పట్టుకున్నట్టే పట్టుకుని వదల్లేదు. నిజం చెప్పి, అప్పుడు అందింది అను అన్నాడు. లాగాను. అరచేతిలోంచి జారి మణికట్టు మీదికి పోయింది." అతను కత్తి వైపు చూశాడు. "మొద్దు కత్తి కదా, తెగదనుకున్నాను."

"తెగాక ఎవర్నీ పిలవలేదు."

అతను పిడి ఇంకాస్త బిగించి పట్టుకున్నాడు. తొడుగులోంచి ఆయనకి బ్లేడు అంచు చల్లగా తగులుతోంది. మొద్దు కత్తే కదా అనుకోవడానికి ఇక లేదు.

"వదిలెయ్ బావా. నాకు నువ్వు, నీకు నేను. ఇంకెవరున్నారు మనకి?" ఇన్‌స్పెక్టర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిడి మీద పట్టు మాత్రం సడలలేదు. "వచ్చే శనివారం నుంచి మీ ఇంటికి వస్తాను. మూడింటికి. ఒట్టు."

ఏడాదిగా ఆయన ఎదురుచూసిన మాట అది. రెండో కుర్చీ కళ్ళ ముందు కదిలింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. కప్పులు సాసర్లలో గలగలమంటున్నాయి.

"అన్నయ్యా," తలుపు అవతల ఆమె గొంతు. "తలుపేశారేం? మూడు కాఫీలు తెచ్చాను."

"వద్దని చెప్పు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ పెదవులు కదిలీ కదలకుండా. "తర్వాత రమ్మను."

డిటెక్టివ్ బ్లేడుని అరచేతినిండా బిగించి పట్టుకున్నాడు.

"అమ్మా, అక్కడే ఆగు, లోపలికి రాకు," అన్నాడు గట్టిగా, కింది అంతస్తుకి కూడా వినబడేటట్టు. "మీ నాన్న నీ వల్ల పోలేదు. విన్నావా? నీ వల్ల కాదు. శనివారం ఇక్కడే ఉన్నాడు, నా ఎదురుగా, ఇన్‌స్పెక్టరు బట్టల్లో. కిందికి దిగి జనాన్ని పిలు."

అవతల కప్పులు భళ్ళున పగిలాయి. ఇవతల బావమరిది కత్తి లాగాడు.